పలికినవాడికి వినిపించే శబ్దం

మనిషి నోటి నుంచి వెలువడిన మాట ఎదుటివారి చెవికి గాలి ద్వారా మాత్రమే చేరుతుంది. పలికినవాడి చెవికి మాత్రం గాలి ద్వారా ఒకసారి, దవడ, పుర్రె ఎముకల కంపనం ద్వారా మరొకసారి, దాదాపు ఏకకాలంలో చేరుతుంది. లోపలి చెవి పనితీరును వివరించి 1961లో నోబెల్ బహుమతి పొందిన గేయార్గ్ ఫాన్ బెకెషీ, ఎవరి గొంతు వారికి వినిపించడంలో ఈ రెండు మార్గాల వాటా ఇంచుమించు సమానమని 1949లోనే చూపాడు. టేపు మీద తన గొంతు విన్న వ్యక్తి అది తనదేనా అని తత్తరపడటానికి, ఎముకల దారిన వచ్చే మంద్రధ్వని అందులో లోపించడమే ప్రధాన కారణం. అయితే ఇంతవరకు చెప్పినది భౌతికశాస్త్ర పరిధిలోని తేడా. శబ్దం చెవిని దాటి మెదడును చేరిన తరువాత మరో తేడా కనిపిస్తుంది; అక్కడ ప్రతి మనిషీ తాను చేసిన శబ్దాన్ని ఇతరులు చేసిన శబ్దం కంటే తగ్గించి వింటాడు. ఆ తగ్గింపు దేని ఆధారంగా జరుగుతుందన్న ప్రశ్నకు ఇటీవలి శరీరశాస్త్రం ఇచ్చిన సమాధానం, "ఈ మాట నాది" అనే ప్రత్యయానికి మూలమేమిటని భారతీయ దర్శనాలు శతాబ్దాల తరబడి సాగించిన వాదాన్ని మళ్ళీ తెరవక మానదు.

1950లో జర్మనీకి చెందిన ఎరిక్ ఫాన్ హోల్స్ట్, హోర్స్ట్ మిటెల్‌స్టాట్ ఒక జాతి ఈగ మీద చేసిన ప్రయోగం ఈ చర్చకు పునాది వేసింది. వారు ఈగ తలను మెడ దగ్గర నూట ఎనభై డిగ్రీలు తిప్పి నిలిపారు. దానితో కుడికన్ను ఎడమవైపుకు, ఎడమకన్ను కుడివైపుకు వచ్చాయి. అటువంటి ఈగ కదలనంతసేపూ స్థిమితంగానే ఉండి, తనంతట తాను కదలబోయేసరికి ఆగకుండా గుండ్రంగా తిరగసాగింది. కదలమన్న ఆజ్ఞ కండరాలకు వెళ్ళేటప్పుడే దాని నకలు ఒకటి ఇంద్రియకేంద్రానికి కూడా వెళుతుందనీ, ఈ కదలిక వల్ల ఇటువంటి దృశ్యం కలగాలన్న ముందస్తు అంచనా ఆ నకలులో ఉంటుందనీ, నిజంగా కలిగిన దృశ్యం నుంచి ఆ అంచనాను తీసివేయగా మిగిలినదాన్నే జీవి బయటి ప్రపంచపు వార్తగా స్వీకరిస్తుందనీ వారు సిద్ధాంతీకరించారు. తల తిరగబడిన ఈగలో ఆ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడానికి బదులు కూడుకొన్నాయి. ఈ నకలును శాస్త్రజ్ఞులు ఎఫరెన్స్ కాపీ అంటారు. ఈ వ్యాసంలో దానికి ఆజ్ఞాప్రతి అనే పేరు వాడటం జరిగింది. అదే సంవత్సరం అమెరికాలో రోజర్ స్పెర్రీ, చేపల కళ్ళు తిప్పి చేసిన ప్రయోగాల ద్వారా, స్వతంత్రంగా ఇదే నిర్ణయానికి వచ్చాడు.

దృష్టి విషయంలో ఊహగా మొదలైన ఈ సిద్ధాంతానికి శబ్దం విషయంలో కీచురాయి స్పష్టమైన నిదర్శనమైంది. మగ కీచురాయి రెక్కలను ఒకదానితో ఒకటి రాపాడించి చేసే కూత నూరు డెసిబెళ్ళ స్థాయికి చేరుతుంది. దాని చెవులు ముందుకాళ్ళ మీద, అంటే కూత పుట్టే చోటికి అతి సమీపంలో ఉంటాయి. గంటల తరబడి ఇలా కూసే ప్రాణి తన శబ్దానికి తానే చెవుడెక్కి, పొంచి వచ్చే శత్రువు అలికిడిని పోల్చుకోలేకపోవాలి. అలా జరగడం లేదు. కేంబ్రిడ్జిలో జేమ్స్ పౌలెట్, బెర్తోల్డ్ హెడ్విగ్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, కూసే క్షణాలలో మాత్రమే కీచురాయి శ్రవణ నాడీకణాలు అణగి ఉంటాయనీ, కూతకూ కూతకూ మధ్య విరామంలో యథాప్రకారం మేలుకొని ఉంటాయనీ తేలింది. ఒక రెక్క తీసివేసినందువల్ల నిశ్శబ్దంగా రెక్క ఆడించే కీచురాయిలో సైతం, శబ్దమే లేకపోయినా, ఆ అణచివేత అలాగే కొనసాగింది. అణచివేతకు కారణం శబ్దం కాదు, శబ్దం చేయమన్న ఆజ్ఞ అని దీనివల్ల తేటతెల్లమైంది. ఆ ఆజ్ఞ నకలును కూత కేంద్రం నుంచి శ్రవణ మార్గానికి మోసుకొచ్చే నాడీకణం ఒకే ఒక్కటి అని 2006లో ఆ ఇద్దరే నిరూపించారు.

మనిషిలో ఈ ఏర్పాటు ఇంత సరళంగా లేదు. మాట పెదవి దాటకముందే మధ్యచెవిలోని స్టెపీడియస్ అనే అతి చిన్న కండరం బిగుసుకొని, లోపలికి వచ్చే శబ్దతీవ్రతను, ముఖ్యంగా మంద్రస్థాయిలో, కొంత తగ్గిస్తుంది. అంతకంటే ముఖ్యమైన పని మెదడు పైపొరలో శబ్దాన్ని గ్రహించే ప్రాంతంలో, అంటే శ్రవణవల్కలంలో, జరుగుతుంది. మార్మొసెట్ అనే చిన్న కోతుల మీద స్టీవెన్ ఎలియాడెస్, షావోచిన్ వాంగ్ 2003లో చేసిన పరిశీలనలో, కోతి అరిచేటప్పుడు శ్రవణవల్కలంలోని నాడీకణాలలో ఎక్కువ భాగం అణగిపోవడం, ఆ అణగడం అరుపు వెలువడడానికి ముందే మొదలుకావడం కనిపించాయి. మనుషుల విషయంలో 1973 నాటి ఒక ప్రయోగం ఇక్కడ ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఎడ్వర్డ్ షేఫర్, మెరిలిన్ మార్కస్ తల మీద అమర్చిన ఎలక్ట్రోడులతో మెదడు విద్యుత్ స్పందనను కొలిచి, యంత్రం దానంతట అది వినిపించిన టక్కుమనే శబ్దానికి కలిగే స్పందన కంటే, అదే శబ్దాన్ని మనిషి తానే మీట నొక్కి కలిగించుకున్నప్పటి స్పందన చిన్నదని చూపారు. ఆ టక్కు శబ్దానికీ మనిషి గొంతుకూ ఏ పోలికా లేదు. ఎలుకలు అడుగు వేసినప్పుడల్లా ఒక కృత్రిమ ధ్వని వినిపించేలా ఏర్పాటు చేసి రిచర్డ్ మూనీ బృందం 2018లో ప్రచురించిన పరిశోధనలో, కొన్నాళ్ళకు ఎలుక మెదడు ఆ పరాయి ధ్వనినే తన అడుగుల సవ్వడిగా భావించి అణచివేయడం నేర్చుకుంది. శబ్దం స్వభావాన్ని బట్టి గాక, ప్రయత్నానికీ శబ్దానికీ మధ్య నెలకొన్న నియత సంబంధాన్ని బట్టే మెదడు "నాది", "పరాయిది" అనే విభాగం చేస్తున్నదని ఈ రెండు ప్రయోగాలూ కలిసి చెబుతున్నాయి.

తగ్గించి వినడం అంటే నిర్లక్ష్యంగా వినడం అనుకుంటే పొరపాటు. హోరులో మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని పారిస్ వైద్యుడు ఎతియెన్ లాంబార్ 1911లో గుర్తించాడు. పలికిన మాటను సుమారు అయిదో వంతు సెకను ఆలస్యంగా పలికినవాడికి వినిపిస్తే అతడి మాట తడబడి నత్తిలోకి దిగుతుందని బెర్నార్డ్ లీ 1950లో చూపాడు. 1998లో జాన్ హౌడ్, మైకేల్ జోర్డన్ జరిపిన ప్రయోగంలో, గుసగుసగా పలికిన అచ్చును యంత్రం కొద్దిగా మార్చి చెవిలో వినిపించగా, పలికేవారు తమకు తెలియకుండానే నోటి అమరికను సవరించుకొని, వినిపించే ధ్వనిని అనుకున్న అచ్చు వైపు లాక్కొచ్చారు. మార్మొసెట్లలో సైతం, అరిచేటప్పుడు అణగి ఉండే నాడీకణాలే, వినిపించే అరుపులో మార్పు చొప్పించినప్పుడు చురుగ్గా స్పందించాయని ఎలియాడెస్, వాంగ్ 2008లో కనుగొన్నారు. మెదడు తన శబ్దంలో అనుకున్నదానిని వదిలేసి, అనుకోనిదానిని పట్టుకుంటుంది. వేదపాఠశాలలో గురువు ఒకసారి పలికినదాన్ని శిష్యులు తిరిగి పలుకుతూ స్వరాన్ని దిద్దుకోవడం, జానపద గాయకుడు చెవికి అరచేయి ఆన్చి శ్రుతి సరిచూసుకోవడం ఈ సామర్థ్యం మీద ఆధారపడినవే.

ఇక దర్శనాల మాట. పాణినీయ శిక్షగా ప్రసిద్ధమైన ఉచ్చారణశాస్త్ర గ్రంథం, ఆత్మ బుద్ధితో కలిసి చెప్పదలచిన అర్థాలను కూర్చుకొని మనసును ప్రేరేపిస్తుందనీ, మనసు దేహంలోని అగ్నిని, అగ్ని వాయువును కదిలించగా వక్షస్థలంలో మంద్రధ్వని పుడుతుందనీ వర్ణిస్తుంది. ప్రాణాగ్నుల కలయిక వల్ల నాదం పుడుతుందన్న ఈ భావననే త్యాగరాజు తన "మోక్షము గలదా" కీర్తనలో సంగీతానికి అన్వయించాడు. ఇది ఆజ్ఞ బయటికి ప్రయాణించే దారి మాత్రమే. పలికిన శబ్దం పలికినవాడి వద్దకు తిరిగి రావడం ఈ వర్ణనలో లేదు. కాబట్టి ఆధునిక నాడీశాస్త్రం చెప్పినదంతా పూర్వులకు తెలుసునని ఇక్కడ చాటడం శిక్షాకారుడికీ, ప్రయోగశాలలో శ్రమించినవారికీ కూడా అన్యాయం చేయడమే అవుతుంది. పూర్వులు తమ ప్రశ్నను మరోచోట వేశారు, దాన్ని అక్కడే వెతకాలి.

న్యాయదర్శనం ప్రకారం శబ్దం ఆకాశానికి గుణం, ప్రయత్నం ఆత్మకు గుణం. తెలుగువాడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు "తర్కసంగ్రహం"లో శబ్దాన్ని చెవితో గ్రహించదగిన గుణంగా నిర్వచించి, భేరి మొదలైనవాటి నుంచి పుట్టే ధ్వన్యాత్మకం, భాషారూపమైన వర్ణాత్మకం అని రెండుగా విభజించాడు. పుట్టిన శబ్దం నేరుగా చెవికి రాదు. నీటి అలల వరసలాగా ఒక శబ్దం మరో శబ్దాన్ని పుట్టించగా, చివరికి చెవిలోని ఆకాశంలో పుట్టినదే వినబడుతుందని నైయాయికులు వీచీతరంగ న్యాయంతో వివరిస్తారు. ఈ లెక్కన పలికినవాడికి వినబడే శబ్దానికీ, పక్కవాడికి వినబడే శబ్దానికీ జాతిభేదం లేదు. శబ్దం మీద యజమాని ముద్ర ఎక్కడా ఉండదు. "నేను పలికాను" అనే జ్ఞానానికి ఆధారం శబ్దం కాకపోతే ప్రయత్నమే కావాలి. న్యాయసూత్రం ఇచ్ఛ, ద్వేషం, సుఖం, దుఃఖం, జ్ఞానాలతో పాటు ప్రయత్నాన్ని కూడా ఆత్మను అనుమానించడానికి గుర్తుగా చెప్పడంలోని సార్థకత ఇక్కడ కనిపిస్తుంది. మీట నొక్కిన వేలు, టక్కుమన్న శబ్దం, తగ్గిన స్పందన అనే మూడింటినీ నైయాయికుడి ముందు పెడితే, అతడు తన పక్షానికి బలం చేకూరిందనే అంటాడు.

బౌద్ధుడు ఒప్పుకోడు. వసుబంధుడు "అభిధర్మకోశభాష్యం" చివర ఆత్మవాదాన్ని ఖండిస్తూ, ఆత్మే లేకపోతే స్మృతి ఎవరిదన్న ప్రశ్నను ఎదుర్కొని, చైత్రుడి ఆవు అన్నప్పుడు "చైత్రుడిది" అనే మాటకు అర్థమేమిటని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆవును పితకడానికో తోలడానికో వినియోగించడంలో చైత్రుడు కారణం గనుక యజమాని అంటున్నాము. యాజమాన్యం అంటే కారణత్వం తప్ప మరేమీ కాదు. స్మృతికి కారణమైన చిత్తమే దాని యజమాని, అంతకు మించి యజమాని అక్కరలేదని అతడి సమాధానం. పరాయి ధ్వనిని తన అడుగుల సవ్వడిగా నేర్చుకున్న ఎలుక వసుబంధుడి వాదానికి ఎవరూ కోరని సాక్షి. కీచురాయి మరీ ఇబ్బందికరమైన సాక్షి. ఎందుకంటే స్వపర విభాగమనే పని అక్కడ ఒకే ఒక్క నాడీకణంతో నడుస్తున్నది, దాని వెనక "నేను" అనుకునేవాడు ఒకడున్నాడని చెప్పడానికి ఆధారం లేదు. కీచురాయికి కూడా జీవాత్మ ఉందని నైయాయికుడు బదులు చెప్పవచ్చు, అది అతడి సిద్ధాంతానికి విరుద్ధం కాదు. కాని అప్పుడు ప్రయత్నం ఆత్మకు గుర్తు అనే వాదం అనుమానంగా మిగలక, ముందే ఒప్పుకొన్న నమ్మకంగా మారుతుంది. అంచనా వేయడం, పోల్చడం, తీసివేయడం అనే మూడు పనులకూ పోల్చేవాడు అవసరం లేదన్నంతవరకు బౌద్ధుడి పక్షమే బలంగా కనిపిస్తుంది. అద్వైతి ఈ వివాదంలో పక్కకు తప్పుకుంటాడు. కేనోపనిషత్తు చెవికి చెవి అన్న తత్త్వం వినేవాటిలో చేరదు, పోలిక కుదిరినా తప్పినా ఆ రెండు స్థితులనూ ప్రకాశింపజేసేదే సాక్షి అంటాడు. ప్రయోగం ఆ మాటను నిరూపించలేదు, ఖండించనూ లేదు.

పోలిక తప్పినప్పుడు ఏమవుతుందో వైద్యశాస్త్రం ఎరుగును. ఆజ్ఞాప్రతి చలనాలకే గాక ఆలోచనలకు కూడా ఉండవచ్చుననీ, అది చెడితే మనిషికి తన ఆలోచన పరాయిదిగా తోచవచ్చుననీ ఇర్విన్ ఫైన్‌బర్గ్ 1978లో ప్రతిపాదించాడు. స్కిజోఫ్రెనియా రోగులలో, మాట్లాడేటప్పుడు మెదడు స్పందన ఇతరులలో తగ్గినంతగా తగ్గడం లేదని జుడిత్ ఫోర్డ్, డేనియల్ మాతలాన్ 2001 నుంచి ప్రచురించిన పరిశోధనలు చూపాయి. అయితే ఎవరూ లేనప్పుడు వినిపించే గొంతు ఎవరిదన్న ప్రశ్నకు యంత్రాంగం సగం సమాధానమే ఇస్తుంది, మిగిలిన సగం సమాజం ఇస్తుంది. మానవశాస్త్రవేత్త టాన్యా లుర్మన్ తన సహచరులతో కలిసి కాలిఫోర్నియాలోని శాన్ మాటియో, ఘానా రాజధాని అక్రా, మన పక్కనున్న చెన్నై నగరాలలో ఇటువంటి గొంతులు వినేవారితో మాట్లాడి 2015లో ప్రచురించిన వ్యాసంలో, అమెరికన్లు వాటిని ఎక్కువగా దాడిగా, జబ్బు లక్షణంగా వర్ణించగా, చెన్నైవారిలో చాలామంది బంధువుల గొంతులుగా గుర్తించారని, స్నానం చేయమని, వంట చేయమని ఆ గొంతులు పురమాయించేవని నమోదు చేసింది. "నాది కాదు" అన్న తీర్పు మెదడుదైతే, "మరి ఎవరిది" అన్న తీర్పు ఇంటివాతావరణానిదీ, పెంపకానిదీ అని దీనినిబట్టి ఊహించవచ్చు.

భక్తకవులు తమ మాట తమది కాదనడాన్ని కూడా ఇదే కోవలో చేర్చే తొందరపాటు విమర్శ ఒకటి అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఆంధ్రమహాభాగవత ప్రారంభంలో బమ్మెర పోతన, పలకడం తనదైనా పలికించేవాడు రాముడని చెప్పుకున్నాడు. పద్యం తన నోటి నుంచి వస్తున్నదన్న ఎరుక ఆయనకు ఏమాత్రం తగ్గలేదు. రోగికి తప్పేది ప్రత్యక్షం. కవి మార్చుకున్నది ఆ ప్రత్యక్షం మీద తాను ఇచ్చే నిర్ణయం. భగవద్గీత అయిదో అధ్యాయం ఈ భేదాన్ని మరింత కచ్చితంగా పట్టుకుంటుంది: తత్త్వమెరిగినవాడు చూస్తూ, వింటూ, మాట్లాడుతూ కూడా తాను ఏమీ చేయడం లేదని తలుస్తాడు. వినడం, మాట్లాడడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. అంటే జ్ఞాని గొంతు విప్పినప్పుడు కూడా అతడి శ్రవణవల్కలం యథావిధిగా ఆ శబ్దాన్ని తగ్గించుకుంటూనే ఉండాలి. ఇంద్రియాలు తమ పనిలో తాము ఉంటాయని గీతే చెబుతున్నది. కర్తృత్వాన్ని వదలడం అంటే ఆ నాడీవ్యాపారాన్ని ఆపడం కాదు, దాని ఫలితాన్ని "నేను" అనే ఖాతాలో రాసుకోకపోవడం. వేదం అపౌరుషేయమనీ, ఋషులు మంత్రాలకు ద్రష్టలే గాని కర్తలు కారనీ మీమాంసకులు అనడంలోనూ ఋషి కంఠాన్ని నిరాకరించడం లేదు.

ఈ చర్చ అంతటికీ సాధనలో గట్టి పరీక్ష జపం దగ్గర ఎదురవుతుంది, ఎందుకంటే జపంలో పలికేవాడు, వినేవాడు ఒకడే. మరో శ్రోత అక్కరలేదు. మనుస్మృతి జపయజ్ఞాన్ని విధియజ్ఞం కంటే పది రెట్లు, ఇతరులకు వినబడని ఉపాంశు జపాన్ని వంద రెట్లు, పెదవి కదలని మానసిక జపాన్ని వేయి రెట్లు అధికమంటుంది. పైకి వినబడే శబ్దం ఒక్కొక్క మెట్టులో తగ్గుతూ పోతున్నది. ప్రయత్నం మాత్రం చివరి మెట్టు దాకా నిలిచి ఉన్నది. మానసిక జపంలో శబ్దమే లేదు గదా, అక్కడ తగ్గించవలసినది ఏముందన్న సందేహానికి 2017లో థామస్ విట్‌ఫర్డ్ బృందం ఆస్ట్రేలియాలో జరిపిన ప్రయోగం బదులిస్తుంది. అందులో పాల్గొన్నవారు ఒక అక్షరాన్ని మనసులో పలికిన క్షణంలోనే చెవిలో ఒక అక్షరం వినిపించారు. రెండూ ఒకటే అయినప్పుడు మెదడు స్పందన తగ్గింది, వేరైనప్పుడు తగ్గలేదు. మనసులోని మాటకు కూడా ఆజ్ఞాప్రతి ఉంటుందనీ, అది ఏ అక్షరమో తెలిసినంత సూక్ష్మంగా ఉంటుందనీ దీని అర్థం. మంత్రం వేలసార్లు తిరిగేసరికి అంచనాకూ అనుభవానికీ మధ్య తేడా ఏమీ మిగలదు. జపం యాంత్రికమవుతుందని సాధకులు మొరపెట్టుకొనే స్థితి బహుశా ఇదే. జపంతో పాటు దాని అర్థాన్ని భావన చేయాలని యోగసూత్రం విధించడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేము గాని, శబ్దం తనంతట తాను మనసును పట్టి నిలపలేదన్న గ్రహింపు ఆ విధిలో ఉన్నది.

జపానికి పైమెట్టుగా చెప్పే అజపలో సాధకుడు మంత్రాన్ని పలకడు. రోజుకు 21,600 అని సంప్రదాయం లెక్కించిన ఉచ్ఛ్వాస నిశ్వాసాలే హంస మంత్రమై నడుస్తుంటే వింటాడు. కోరికతో కూడిన ప్రయత్నం ఇక్కడ లేదు. అయినా ప్రయత్నమే లేదనడానికి వైశేషికులు సమ్మతించరు. ప్రయత్నాన్ని ఇచ్ఛాద్వేషాల వల్ల కలిగేదని, కేవలం జీవనం వల్ల కలిగేదని ప్రశస్తపాదుడు రెండుగా విడదీసి, నిద్రలో ఊపిరిని నడిపేది రెండోదని చెప్పాడు. అజప ఈ రెండో ప్రయత్నం మీద చెవి పెట్టడం. దానికి కొనసాగింపుగా "హఠయోగప్రదీపిక" నాలుగో ఉపదేశం చెప్పిన నాదానుసంధానంలో సాధకుడు చేతులతో చెవులు మూసుకొని లోపలి నాదాన్ని వింటాడు. చెవులు మూసుకుంటే దేహంలోని సవ్వడులు పెద్దవై వినిపిస్తాయన్నది ఎవరైనా పరీక్షించి చూసుకోదగిన విషయమే. చెవిలో హోరు అనే రుగ్మతకూ ఈ అనుభవానికీ సంబంధమేమిటని వైద్యుడు అడిగితే అది కూడా అడగదగిన ప్రశ్నే.

ఆ గ్రంథం వర్ణించిన నాదాలు మొదట సముద్రం, మేఘం, భేరి ధ్వనుల వంటివి, ఆపైన మద్దెల, శంఖం, గంట, చివరకు చిరుగజ్జెలు, పిల్లనగ్రోవి, వీణ, తుమ్మెద రొదల వంటివి. అన్నంభట్టు విభాగం ప్రకారం ఇవన్నీ ధ్వన్యాత్మకాలే, వీటిలో ఒక్క మాట కూడా లేదు. పరాయి గొంతుల బాధ పడే రోగి వినేవి ప్రధానంగా మాటలు, అందులోనూ తిట్లు, ఆజ్ఞలు. యోగి తన ప్రయత్నాన్ని సడలించి విన్న నాదం అతడిని ఏ పనికీ నియోగించదు. నియోగించాలంటే విధివాక్యం కావాలి, వాక్యానికి వర్ణాలు కావాలి, వర్ణం పుట్టాలంటే ఎక్కడో ఒక వక్త ప్రయత్నం ఉండి తీరాలని నైయాయికుల పట్టుదల. కనుక తనలో వినిపించిన మాట దైవాజ్ఞ అని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ ప్రయత్నం ఎవరిదని అడిగే అధికారం నైయాయికుడికి ఉంటుంది. ఆ విచారణ ముందుగా మొదలుకావలసినది విన్నవాడి కంఠం దగ్గరే.